పక్కన కూర్చునే పెద్దమ్మ

మా పక్కింటి పెద్దమ్మ పోయిన శుక్రవారం చనిపోయింది. నాచారం చర్చిలో పొద్దుటి పూజ చూసుకుని ఇంటికొచ్చి, చాయ్ పెట్టుకోకముందే కుర్చీలో ఒరిగిపోయిందట. నేనప్పుడు ఉప్పల్‌లో, ఆఫీసులో ఉన్నాను. ఆమె పక్కన ఎవరూ లేరు. ఈ ఒక్క మాట రాయడానికి నాకు ఇన్ని రోజులు పట్టింది.

ఎందుకంటే, పోయేవాళ్ళను ఒంటరిగా పోనివ్వకపోవడమే ఆమె పెట్టుకున్న పని. ఎవరికైనా ఆఖరి ఘడియలని తెలిస్తే కాప్రా అయినా, మేడిపల్లి అయినా బయలుదేరేది. వెళ్ళగానే జపమాల తీసేది కాదు, సంచిలోంచి నెయిల్ కట్టర్ తీసేది. "దేవుని చెయ్యి వట్టుకునే చెయ్యి. గోర్లు గుచ్చుకోవద్దు గద," అనేది. గోళ్ళు తీసి, తడి దూదితో పెదాలు తుడిచి, అప్పుడు మెల్లగా మరియమ్మ తల్లికి చేసే మంగళవార్త జపం అందుకునేది.

చిన్న వయసులో కన్యస్త్రీల మఠంలో చేరితే, ఆయాసం ఉందని ఇంటికి పంపేశారట. తర్వాత బతుకంతా మందుల కంపెనీ ప్యాకింగ్ సెక్షన్‌లోనే గడిచింది. పెళ్ళి చేసుకోలేదు. కన్యస్త్రీ కాలేదని బాధ లేదా అని ఒకసారి అడిగాను.

"మఠం పంపిచ్చింది గనీ దేవుడు పంపియ్యలే బిడ్డా. మాత్రలు డబ్బాల వెట్టుకుంట గూడ పునీతురాలివి గావచ్చు." వెంటనే నవ్వింది. "నేనింక కాలేదనుకో. నాకు కోపమెక్కువ."

నిజమే. షేర్ ఆటోవాళ్ళతో ఆమె పోట్లాట చూసి తీరాలి. పోట్లాడిన వారమే ఫాదర్ దగ్గర తప్పు ఒప్పుకోవడానికి, పాపసంకీర్తనానికి పరుగెత్తేది.

ఓసారి నారపల్లిలో ఇల్లు తప్పి వెళ్ళింది. ఆ ఇంటి కోడలు ఈమెను దవాఖానా నర్సనుకుని లోపలికి పంపింది. ఆమె మామగారు, కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన రిటైర్డ్ గుమాస్తా, మధ్యాహ్నం కునుకులో ఉన్నాడు. ఈమె ఒక చేతి గోళ్ళు తీసేసి, మంచి మరణం కోసం ప్రార్థన మొదలుపెట్టేసరికి ఆయన లేచి కూర్చున్నాడు.

"నేనింకా బతికే ఉన్నానండీ బాబూ!"

"ఉంటే మంచిదే. ఆ చెయ్యి గూడ ఇయ్యి," అందట పెద్దమ్మ.

ఆమె ఆ కథ చెప్తే ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాక, ఆమె ఉన్నట్టుండి అడిగింది. "నా వంతొచ్చినప్పుడు జర వచ్చి కూసుంటవా?" కూర్చుంటానన్నాను. నేనూ ఒంటరిదాన్నే, ఆ అడగడం వెనక ఏముందో నాకు తెలుసు. మాట మాత్రం నిలబెట్టుకోలేకపోయాను. ఇప్పుడు తెల్లవారుజామున గోడకు అటుపక్క గిన్నె చప్పుడైనా లేదు. ఇల్లంతా నామీద పడుతున్నట్టుంది.

ఆదివారం మేడిపల్లి నుంచి ఒకతను వచ్చి ఆమె తలుపు కొట్టాడు. "మా అమ్మకు మస్తు సీరియస్‌గుందక్కా. పెద్దమ్మ ఏది?" నిన్ననే సమాధి చేశామని చెప్పాను. అతను మెట్ల మీదే కూలబడ్డాడు. నాకు ఆ ప్రార్థనలు సగమే వచ్చు, పూజకు వెళ్ళినా వెనక వరసలో నిలబడే మనిషిని. ఏమనుకున్నానో తెలియదు, చెప్పులేసుకుని అతని బండెక్కాను.

ఆ ముసలామె కళ్ళు మూసుకుని ఉంది. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను.

"వచ్చినవా?" అంది, నన్ను పెద్దమ్మ అనుకుని.

రెండో చెయ్యి కూడా ఆమె చేతిమీద వేశాను. "వచ్చిన," అన్నాను.

ఆమె నాకు చోటివ్వడానికి మంచం మీద కొంచెం పక్కకు జరగబోయింది.