ఊ కొట్టే ఈరయ్య

తాండూరులో నాటకమంటే అప్పటిదాకా కిరీటాలూ గదలూ, రాగం ఎత్తుకుంటే అరగంటకు గానీ దించని పద్యాలూనూ. ఆ ఊళ్లో కిరీటం లేని నాటకం ఒకటి మొదలై, ముగ్గురు దర్శకుల చేతులు మారి, పదిహేడేళ్లు నడిచిందంటే ఇప్పటివాళ్లు నమ్మరు. నమ్మకపోతే పోనీండి. ఆ ముగ్గురి దగ్గరా మొదటినుంచీ ఉన్నవాళ్లు ఇద్దరే. ఒకడు వేషాలు వేసే భీమప్ప. రెండోవాడు ఒక్క వేషమూ వేయని కురుమ ఈరయ్య.

ఈరయ్యది బషీరాబాద్ పక్క పల్లె. నలభై ఎనిమిది రజాకార్ల గడబిడలో గొర్రెలన్నీ పోతే, భార్య హన్మమ్మను వెంటబెట్టుకుని తాండూరొచ్చి, నాపరాళ్లు నునుపు చేసే షెడ్డులో కూలికి కుదిరాడు. మరుసటేడు ఆ షెడ్డులోనే చంద్రశేఖర్ నాటకాలు మొదలుపెట్టాడు. ఆయన పెద్ద భూముల ఇంటి కొడుకు. హైదరాబాదులో చదివొచ్చి, రాజుల కథలు ఇక చాలన్నాడు. కిరీటాలు తీసేశాడు, పద్యాలు తీసేశాడు, ఆఖరికి హార్మోనియం కూడా తీసేశాడు. ఒక రైతు, ఒక పట్వారీ, ఒక కుర్చీ, అంతే నాటకం. నాపరాళ్లు పేర్చిన అరుగే స్టేజి. రాళ్లపని ఉండని ఆదివారం మధ్యాహ్నమే ఆట.

ఈరయ్యకు అక్షరం ముక్క రాదు. కానీ ఓ మూల కూర్చుని రెండు రిహార్సళ్లు విన్నాడంటే నాటకమంతా నోటికొచ్చేసేది. రైతు వేషంలో భీమప్ప మాటలు మరిచి నీళ్లు నములుతుంటే మూలనుంచి ఈరయ్య అందించాడు. దాంతో అతణ్ణి గోనెపట్టాల తెర వెనక కూర్చోబెట్టారు. ఆ చోటు దొరికినందుకు ఎంత మురిసిపోయాడంటే, గొర్రెలు పోయిన దిగులు ఆ రోజుతో సగం తగ్గింది.

మొదటి ఆట రోజే కొంప మునిగింది. భీమప్ప ఒక్కడే నిలబడి, పట్వారీ తన చెలక భూమిని ఎలా మింగాడో చెప్పుకుంటున్నాడు. తెర వెనకనుంచి "ఊఁ" అని వినిపించింది. కాసేపటికి మళ్లీ "ఊఁ". ఈరయ్య ఇంట్లో కథ మొదలైతే ఎవరో ఒకరు ఊ కొట్టి తీరాలి. ఊ ఆగితే చెప్పేవాడూ ఆగిపోతాడు. బుద్ధెరిగినప్పటినుంచీ అదే అలవాటు కాబట్టి, తను అందించడానికి కూర్చున్న సంగతే మరిచి ఊ కొట్టుకుంటూ పోయాడు. భీమప్ప మొదట బిత్తరపోయాడు. తర్వాత ధైర్యం తెచ్చుకుని తెరవైపు తిరిగి, ఆ ఊ అంటున్నవాడికే తన గోడంతా వెళ్లబోసుకున్నాడు. తెర వెనక రైతు తండ్రి ఆత్మే వింటోందనుకుని ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు.

ఆట అయ్యాక చంద్రశేఖర్ నిలదీశాడు. "మనిషి గంత బాధ చెప్తుంటె ఊ అనకుంట ఎట్లుంట పటేలా?" అన్నాడు ఈరయ్య చేతులు కట్టుకుని. చంద్రశేఖర్ ముఖం గంటు పెట్టుకుని, పెట్టుకుని, చివరికి నవ్వేశాడు. ఆ తర్వాత ఏ నాటకమాడినా తెర వెనక ఈరయ్య ఊ ఉండాల్సిందే.

యాభై ఆరులో చంద్రశేఖర్‌ను ఇంటి వ్యాపారం లాగేసుకుంది. రాజేందర్ వచ్చాడు. బొంబాయిలో ఏవేవో ఆటలు చూసొచ్చిన మనిషి, వస్తూనే మాటలు తీసేశాడు. మనుషులు రాళ్లు మోస్తారు, దించుతారు, మళ్లీ మోస్తారు. వారమంతా అదే పని చేసే జనం ఆదివారం కూర్చుని దాన్నే చూడాలట. సగం మంది లేచి పోయారు. మాటలే లేనప్పుడు అందించేవాడెందుకు? ఈరయ్య గుండెల్లో రాయి పడింది. అయితే మాటలున్నప్పుడు మాటలు మరిచే భీమప్ప, మాటలు లేనప్పుడు ఎటు నడవాలో మరిచేవాడు. ఈరయ్య తెర అంచున నిలబడి వేలితో చూపించేవాడు. అది చూసి రాజేందర్, సరే ఉండు, నోరు మాత్రం మూసుకో అన్నాడు. ఈరయ్య ఐదేళ్లు మూసుకున్నాడు.

అరవై ఒకటిలో రాజేందర్ ఉద్యోగం చూసుకుని వెళ్లిపోతే పగ్గాలు అరుణాదేవికి వచ్చాయి. వికారాబాదులో టీచరు, ఆదివారం ఆదివారం ప్యాసింజరు బండిలో వచ్చేది. మాటలు మళ్లీ తెచ్చింది గానీ తెర తీసేసింది, అరుగు తీసేసింది. నటులు జనం మధ్యనుంచే లేచి ఆడాలి. ముందూ వెనకా లేని ఆటలో ఈరయ్య ఎక్కడ కూర్చోవాలి?

"ఒక్కొక్కలొచ్చి ఒక్కొక్కటి తీసేస్తున్రు. ఈసారి నన్నే," అన్నాడు హన్మమ్మతో.

"తీసేస్తె ఇంటికి రా. నేను చెప్పేదానికి ఊ కొట్టెటోడు లేక పన్నెండేండ్లాయె," అన్నదామె.

అడగడానికి భయపడి నాలుగు వారాలు గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. ఐదో వారం అరుణాదేవే పిలిచి, పాత నాటకాలు చెప్పమంది. చంద్రశేఖర్ రాసుకున్న కాగితాలన్నీ చెదలపాలయ్యాయి. ఈరయ్య తొమ్మిది ఆదివారాలు చెప్పాడు, భీమప్ప తడబాట్లూ జనం దగ్గులూ సహా. ఆమె రాసుకుంటూ ఊ కొడుతుంటే అతనికి ప్రాణం లేచొచ్చింది. ఆట రోజున జనం మధ్య చాప మీద చోటిచ్చింది, నోరూ తిరిగిచ్చింది. ఆ ఐదేళ్లూ ఈరయ్య హాయిగా బతికాడు.

అరవై ఆరులో ఆమెకు బదిలీ అయింది. చివరి ఆదివారం షెడ్డులో అందరూ కూడారు. ఈసారి ఏ పట్నం మనిషి వస్తాడో, ఏం తీసేస్తాడో అని గుసగుసలు. ఇకమీదట ఆడించేది ఇతనే అని ఆమె ఈరయ్యను చూపించింది. ఈరయ్య రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. సంతకం పెట్టడం కూడా రాదు నాకు టీచరమ్మా అని మొత్తుకున్నాడు.

"చదువొచ్చినోళ్లం ముగ్గురం చేసి చూసినం గద ఈరయ్యా. మా ముగ్గురి ఆటా తెలిసింది నీకొక్కనికే," అందామె.

అందరూ అతని వైపు చూశారు. భీమప్పకు అప్పటికి తల నెరిసింది, మరుపు ఇంకా ముదిరింది. గోడవారగా నిలబడి, "మరి నువ్వేం తీసేస్తవ్ ఈరన్నా?" అని మెల్లగా అడిగాడు. ఆ గొంతులో ఉన్నది ఈరయ్యకు బాగా తెలిసిన భయమే.

"కిరీటాలు పాయె, తెర పాయె, అరుగు పాయె. ఇగ తీసెయ్యనీకి మిగిలింది మీరే," అన్నాడు ఈరయ్య. "మీరు ఉండుండ్రి. వచ్చి కూసో భీమన్నా."