ఉగాదికి పువ్వు, బోనాలకు మండ

హైదరాబాద్ పాతబస్తీలోని జహనుమాలో ఆండాలు ఇంటి ముందున్న వేపచెట్టు పెరిగి పెరిగి కరెంటు తీగల మీదికి ఎక్కింది. గాలి వీస్తే చాలు, గల్లీ అంతా కరెంటు పోతోంది. మాఘమాసంలో ఆకు రాలగానే కొడుకు మహేష్, చెట్లు కొట్టే ప్రేమ్‌రాజ్‌ను వెంటబెట్టుకొచ్చాడు.

"అమ్మా, ఎట్లాగు ఆకు లేదు. ఇప్పుడైతే కొట్టుడు అల్కగైతది."

బర్రెకు గడ్డి వేస్తున్న ఆండాలు పకపకా నవ్వింది. "ఆకు రాలితే చెట్టు పండుకున్నదనుకున్నవా? కొమ్మలల్ల పువ్వు తయారైతుంది. ఇప్పుడు కొడ్తే ఉగాది పచ్చట్ల ఏమేస్తవ్‌రా, నీ గడ్డమా? ప్రేమ్‌రాజ్, పండుగైనంక రా."

కాపురానికొచ్చిన నాటి నుంచి ఆండాలు ఉగాదికి పువ్వు కొనలేదు, బోనాలకు వేపమండ కొనలేదు. రెండూ ఒకే చెట్టు ఇవ్వాలంటే, పువ్వు కోసుకున్నాకే కొమ్మ కొట్టాలి. ఆషాఢానికల్లా లేత చిగురు వస్తుంది. ఈ విషయంలో ఆమె ఎవరి మాటా వినదు.

అన్నట్టే ఉగాది దాటాక ప్రేమ్‌రాజ్ వచ్చి చెట్టును మోడు చేసిపోయాడు. ఎండాకాలం నీడ పోయిందని, ఆ చెట్టు కింద ఆగే ఆటోలవాళ్లు లొల్లి పెట్టారు. "కరెంటుంది కద భాయ్, ఇంట్ల ఫ్యాన్ కింద కూసో," అని ఆండాలు వాళ్ల నోళ్లు మూయించింది.

దిగులంతా కోడలు లావణ్యదే. అత్తకు మోకాళ్ల నొప్పులు, ఈసారి బోనం తనే ఎత్తాలి. చూస్తే వానల జాడ లేదు, చెట్టుకు చిగురూ లేదు.

"అత్తమ్మా, మండలు మార్కెట్ల తెచ్చుకుందమా?"

"ఫికర్ జెయ్యకు. చెట్టు మాట తప్పదు."

మర్నాటి నుంచి లావణ్య కొట్టం కడిగిన నీళ్లు చెట్టు మొదట్లో పోయడం మొదలుపెట్టింది. ఎవరూ చెప్పని పని. ఆండాలు గడపలోంచి చూసింది, మనసు నిండిపోయింది.

వాన ఆలస్యంగానే పడింది కానీ, బోనాల నాటికి చెట్టు నిండా ఎర్రెర్రని లేతాకు. గల్లీ ఆడవాళ్లు ఎప్పట్లాగే మండల కోసం వచ్చారు.

"నన్నడుగుతరేంది?" అంది ఆండాలు. "కొట్టుడెప్పుడో, ఎవలకెంత ఇయ్యాల్నో, ఇగ మా లావణ్య చెప్తది."

లావణ్య కొంగు బిగించి మొదటి మండ విరిచింది. చాచిన చేతులన్నీ దాటుకుని వచ్చి, దాన్ని అత్త చేతిలో పెట్టింది.

"బోనం నేనెత్తుకుంట. మండ వట్టుకొని ముందు నువ్వు నడువు అత్తమ్మా. మెల్లగనే పోదం."