రెండో ఏడాది సంగతి

మా నాయిన సంగారెడ్డి బజారు వెనక సందులో బట్టలకు రంగులు వేసేవాడు. ఇంటి ముందు తాళ్లమీద తడి చీరలు ఆరుతుండేవి. వాటి నడుమ నుంచే నేను బడికి పోయి వచ్చేదాన్ని. ఒక చీర పక్కకు జరిపితే ఎండ పసుపుగా పడేది, ఇంకొకటి జరిపితే నీలంగా. ఆ వెలుగులో నిలబడితే ఇంట్లో పిలిచే పిలుపు కూడా ఎక్కడో దూరం నుంచి వచ్చినట్టు వినిపించేది. పటిక వేస్తే రంగు ఎందుకు నిలుస్తుంది, సున్నం తగిలితే ఎందుకు మారుతుంది అని నాయినను అడిగేదాన్ని.

"మా నాయిన గట్ల చేసిండు, నేను గట్లనే చేస్తున్న. ఎందుకన్నది సదువుకున్నోళ్లను అడుగు బిడ్డా," అనేవాడు.

అందుకే ఇంటర్మీడియట్ అయ్యాక కెమిస్ట్రీ చదవాలన్న కోరిక పట్టుకుంది. అప్పటికి మా సందులో డిగ్రీ కాలేజీ దాకా వెళ్లిన ఆడపిల్ల లేదు. మా లెక్చరరు ఒకాయన నా మార్కులు చూసి, నాచేత నాలుగైదు చోట్లకు దరఖాస్తులు పెట్టించాడు. వానలు మొదలయ్యే రోజుల్లో మూడు చోట్ల నుంచి జవాబులు వచ్చాయి. మూడింటిలోనూ సాయం చేస్తామనే ఉంది. నాయిన వాటిని మంచం మీద పక్కపక్కన పెట్టించి, తడి చేతులు అంటకుండా దూరంగా కూర్చున్నాడు.

మొదటిది హైదరాబాదులో పేరున్న ఆడపిల్లల కాలేజీ. అక్కడ కెమిస్ట్రీ ఉంది, ఫీజు మొత్తం మాఫీ. కానీ ఉండడానికి, తినడానికి మన ఏర్పాటు మనదే. రెండోది అదే ఊళ్లో ఒక ధర్మసంస్థ నడిపే కాలేజీ. ఫీజు, పడక, భోజనం, పుస్తకాలు అన్నీ వాళ్లవే. కానీ అక్కడ బి.ఎ. తప్ప వేరే చదువు లేదు. మూడోది సర్కారు ఇచ్చే అప్పు స్కాలర్‌షిప్. ఏ కాలేజీలో చేరినా ఇస్తారు, ఉద్యోగం వచ్చాక తిరిగి కట్టాలి.

"దీంట్ల సూసేదేమున్నది? అన్నీ వాళ్లే ఇస్తున్నరు గద, రెండోదాంట్ల చేరు," అన్నాడు నాయిన.

"మరి కెమిస్ట్రీ?"

"ఏ సదువైనా సదువే బిడ్డా."

అమ్మ పొయ్యి దగ్గర నుంచి, "రోజు బస్సుల పోయి రారాదా?" అంది. మూడో కాగితం వైపు మాత్రం ఇద్దరూ చూడలేదు. అప్పు అన్న మాట వినబడగానే నాయిన దాన్ని మడిచి పక్కన పెట్టేశాడు.

మా ఇంటి ముందు గదుల్లో కోస్తా నుంచి వచ్చిన దంపతులు కిరాయికి ఉండేవారు. ఆయన పటాన్‌చెరు దారిలో ఒక పెద్ద కార్ఖానాలో ఫిట్టరు. ఆమెను నేను అక్కా అని పిలిచేదాన్ని. పెళ్లికి ముందు ఆమె రెండేళ్లు కాలేజీకి వెళ్లిందని తెలుసు గానీ, ఎందుకు మానేసిందో ఎప్పుడూ అడగలేదు. ఆ మధ్యాహ్నం ఆమె మా అరుగు మీద కూర్చుని మూడు ఉత్తరాలూ నెమ్మదిగా చదివింది.

"ఒక పని చేద్దాం. కళ్లు మూసుకో," అంది.

మూసుకున్నాను.

"మొదటి కాలేజీలో చేరావు. జూలై నెల, వాన పడుతోంది. పొద్దున్నే లేచావు. ఎక్కడ లేచావు?"

నాకు ఎక్కడా కనబడలేదు. కాలేజీ మెట్లు కనబడ్డాయి, గాజు గొట్టాల్లో రంగులు కనబడ్డాయి, పడుకున్న చోటు కనబడలేదు.

"ఇక్కడే లేచిన అక్కా. ఫస్టు బస్సుకు పోతున్న."

"సరే, వెళ్లు. సాయంత్రం ప్రాక్టికల్స్ అయ్యేసరికి చీకటి పడింది. బస్సు దొరికిందా? వచ్చాక చదవడానికి ఓపిక ఉందా?"

ఆమె అడుగుతూనే ఉంది. నేను ఆ వానలో తడుస్తూ, లింగంపల్లి దాటి, కొత్తగా లేస్తున్న రేకుల షెడ్ల పక్కనుంచి, కిటికీకి తల ఆనించి నిద్రపోతూ తిరిగి వస్తున్నాను. దసరా వచ్చింది, చలికాలం వచ్చింది. అరుగు మీద కూర్చునే సగం ఏడాది బతికాను, ఆ పైన ఓపిక చాలలేదు. ఆ తర్వాత రెండో కాలేజీకి వెళ్లాను. అక్కడ వేళకు తిన్నాను, హాయిగా పడుకున్నాను. కానీ క్లాసులో కూర్చుంటే నల్లబల్ల మీద ఏమీ కనబడలేదు.

"అప్పు డబ్బు ఎప్పుడు చేతికొస్తుందో చూశావా? జనవరి దాటాక. జూలై నుంచి అందాకా ఎలా?" అంది అక్క.

కళ్లు తెరిచాను. ఎండ మారిపోయి ఉంది. మూడింటిలో ఏ ఒక్కటీ నన్ను ఏడాది చివరిదాకా తీసుకెళ్లలేకపోయింది.

అక్క చేతిలోని ఉత్తరాలు పక్కన పెట్టింది. తర్వాత తన సంగతి చెప్పింది. వాళ్ల ఊరి దగ్గర కాలేజీలో ఆమెకూ ఫీజు మాఫీ అన్నారట. సంబరంగా చేరింది. రెండో ఏడాది ఆ మాఫీ కొత్తగా వచ్చిన పిల్లలకు ఇచ్చారు. అక్క వాళ్ల నాన్న ఎలాగో ఆ ఏడాది కట్టాడు, మూడో ఏడాది కట్టలేకపోయాడు.

"నన్నెవరూ మోసం చెయ్యలేదు. ఆ కాగితంలో మొదటి ఏడాదికి అనే ఉంది. మేమే చదవలేదు. నువ్వు వెళ్లినచోటల్లా రెండో ఏడాది సంగతి అడుగు," అంది. తర్వాత గడపలో కూర్చుని వింటున్న మా నాయిన వైపు తిరిగి, "బాబాయిగారూ, ఆ మడిచినదాన్ని కూడా తీయండి. టీచరు ఉద్యోగం చేస్తే ఏటా కొంత అప్పు కొట్టేస్తారని దాంట్లో ఉంది," అంది.

నాయిన కాగితం విప్పి, చదవడం రాకపోయినా చాలాసేపు చూశాడు.

మరుసటి వారం నాయినా నేనూ హైదరాబాదు బయలుదేరాము. ముసురు పట్టింది. దారిలో ముత్తంగి దగ్గర పొలాల్లో నీళ్లు నిలిచి, ఆకాశం కింద కూడా ఉన్నట్టు కనబడింది. ఎక్కడో వెల్డింగు మెరుపులు నీలంగా వెలిగి ఆరిపోతుంటే నాయిన వాటినే చూస్తూ కూర్చున్నాడు. "గసుంటి నీలం బట్ట మీదికి ఎట్ల తెస్తరో," అన్నాడు.

మొదటి కాలేజీలో ప్రిన్సిపాలమ్మ మమ్మల్ని కూర్చోమంది. నాయిన కూర్చోలేదు. నేను గొంతు సవరించుకుని, రెండో ఏడాది కూడా మాఫీ ఉంటుందా అని అడిగాను. ఆమె కళ్లజోడు తీసి నా వైపు చూసింది.

"ఫస్టు క్లాసు వస్తే ఉంటుంది. రాకపోతే ఉండదు. అది ముందే రాసి ఉండాల్సింది. అడిగి మంచి పని చేశావు," అంది.

అక్కడ నుంచి ధర్మసంస్థ కాలేజీకి నడిచి వెళ్లాము. దాని వెనకే హాస్టలు. పాత బంగళా, పొడుగాటి వరండా. లోపల చాపల మీద బడి పిల్లలు, కాలేజీ పిల్లలు కలిసి వరసగా కూర్చుని అన్నం తింటున్నారు. తెల్ల చీర కట్టుకున్న ఒక పెద్దావిడ వడ్డిస్తోంది. ఆమే వార్డెనమ్మ. మమ్మల్ని చూసి ఏం కావాలని అడగకుండానే రెండు కంచాలు తెప్పించింది. నాయిన మొహమాటపడుతుంటే, "జెర కూసోండ్రి, తిన్నంక మాట్లాడుకుందం," అంది.

అన్నం వేడిగా ఉంది. వానచప్పుడులో పిల్లల మాటలు కలిసిపోయి, ఆ వరండా మొత్తం మెల్లగా ఊగుతున్నట్టనిపించింది. నాకు అక్కడే ఉండిపోవాలనిపించింది. చదువు మాత్రం ఇంకోచోట.

"అమ్మా, రెండో ఏడాది కూడ ఇక్కడ ఉండనిస్తరా?" అన్నాను.

"సదువు అయ్యేదాంక ఉండొచ్చు. మార్కులు తగ్గినా అన్నం తగ్గది. ఏం?"

తర్వాత మాట నేను ముందుగా అనుకున్నది కాదు. నోట్లోంచి వచ్చేసింది.

"ఇక్కడ ఉండి, వేరే కాలేజీల కెమిస్ట్రీ సదువుకోవచ్చా?"

నాయిన గాబరాగా, "అరే, ఏందది? పెట్టిన అన్నం తినుకుంట గట్ల అడుగుతరా?" అన్నాడు.

వార్డెనమ్మ చేతిలో గరిటె ఆగింది. "గట్ల ఎవ్వరు అడగలే ఇప్పటిదాంక," అంది. కోపం లేదు ఆ గొంతులో. ఏదో ఆలోచించుకుంటూ, "కమిటీల పెద్దమనుషులున్నరు. అడిగి సూస్త. మాటియ్యను," అంది.

తిరుగు ప్రయాణంలో పటాన్‌చెరు దగ్గర బస్సు ఆగినప్పుడు నాయిన టీ తెచ్చి ఇచ్చి, "నీకు గంత ధైర్యం ఏడికెళ్లి వచ్చిందే?" అన్నాడు. తిట్టాడో మెచ్చుకున్నాడో తెలియలేదు. నాకే తెలియదు ధైర్యం ఎక్కడిదో. ఆ వేడి అన్నానిది కావచ్చు.

జవాబు కోసం ఎదురుచూసిన రోజులు కలలో గడిచినట్టు గడిచాయి. ముసురుకు బట్టలు ఆరక ఇంట్లోనే తాళ్లు కట్టాము. గదులన్నీ తడి రంగుల వాసన. మొదటి కాలేజీలో చేరే గడువు దగ్గర పడుతోంది. అమ్మ ఇక ఆగలేక, "ఇగ ఆ బి.ఎ. నే సదువు బిడ్డా, పరేషాన్ గాకు," అంది. ఆ మాట అన్న మర్నాడే వార్డెనమ్మ రాయించిన కార్డు వచ్చింది. కమిటీ ఒప్పుకుంది. హాస్టల్లో ఉండే బడి పిల్లలకు సాయంత్రాలు లెక్కలు చెప్పాలి, అదొక్కటే షరతు. అక్క పైకి చదువుతుంటే అమ్మ రెండుసార్లు చదివించుకుంది.

ఇక మిగిలింది మడిచిన కాగితం. "అప్పు తీసుకున్న పిల్ల అంటరు నిన్ను," అన్నాడు నాయిన.

"మాఫీ పోతే ఏం జేద్దాం నాయినా?"

చివరికి ఆయన మడత విప్పి, సంతకానికి బదులు వేలిముద్ర వేస్తానన్నాడు. బొటనవేలికి అప్పటికే నీలం అంటుకుని ఉంది. అక్క సిరా డబ్బా తెచ్చేలోపే కాగితం మీద ఒక మచ్చ పడింది. "దీన్ని తీసుకుంటారో లేదో!" అని నవ్వింది అక్క. తీసుకున్నారు.

మొదటి ఏడాది ఫస్టు క్లాసు రాలేదు. ఇంగ్లీషులో పాఠాలు అర్థం కావడానికే సగం ఏడాది పట్టింది. ఫలితాలు చూసుకుని వరండా చివర కూర్చుంటే, లెక్కలు నేర్చుకునే పిల్లలు ఎందుకో తెలియకుండానే వచ్చి నాకు ఆనుకుని కూర్చున్నారు. ఫీజు మాఫీ పోయింది. రెండో ఏడాది ఫీజు ఆ అప్పు డబ్బుతో కట్టాను, మూడో ఏడాదీ అంతే. అక్క ఆ రోజు అరుగు మీద అడగకపోతే, నేనూ ఆమెలాగే సగంలో ఆగిపోయేదాన్ని.

నేను డిగ్రీ పూర్తి చేసేనాటికి అక్కావాళ్లు కార్ఖానా క్వార్టర్సుకు మారిపోయారు. ఫలితం చెప్పడానికి వెళితే తలుపు దగ్గరే నా చేతులు పట్టుకుని చాలాసేపు వదలలేదు. లోపల మేజా మీద ఆమె మూడో ఏడాది పుస్తకాలు ఉన్నాయి. ప్రైవేటుగా పరీక్షకు కడుతున్నానని, ఎవరికీ చెప్పవద్దని అంది. ఆ వేసవిలో పాసైంది కూడా.

తర్వాత టీచరు ట్రైనింగు చేసి, పటాన్‌చెరు అవతల ఒక బళ్లో సైన్సు టీచరుగా చేరాను. మొదటి ఏడాది అయ్యాక, అప్పులో కొంత కొట్టివేసినట్టు కాగితం వచ్చింది. నాయిన నమ్మలేదు.

"మరి ఎవరు కట్టిండ్రు?"

"ఎవ్వరు కట్టలే నాయినా. పిల్లలకు సదువు చెప్తున్నందుకు తగ్గించిండ్రు."

ఆయన ఆ కాగితాన్ని జాగ్రత్తగా మడిచి నాకిచ్చాడు. "అయితే రేపు బడికి జల్దీ పో," అన్నాడు.

మర్నాడు నిజంగానే ముందు బస్సుకు వెళ్లాను. చలికాలం. దారి పొడవునా మంచు పట్టి, కార్ఖానాల గొట్టాలు పైసగం మాత్రమే కనబడుతున్నాయి. షిఫ్టుకు పోయే మనుషులు సైకిళ్ల మీద మంచులోంచి వచ్చి మంచులోకి పోతున్నారు. బడి గేటు ఇంకా తీయలేదు. గోడ పక్కన ముగ్గురు ఆడపిల్లలు సంచులు ఒళ్లో పెట్టుకుని, ఎండ ఎప్పుడొస్తుందా అని తూర్పువైపు చూస్తూ కూర్చున్నారు. నేనూ వెళ్లి వాళ్ల పక్కన కూర్చున్నాను.