కొలత కుదరని సిరిల్

సిరిల్ హాడ్‌కిన్ తన పడవలో ఏ వస్తువు చేసుకున్నా కొలత తప్పుతుంది. ఒకటీ రెండూ కాదు, అన్నీ. ఇంగ్లండులోని ఈ మిడిల్‌విచ్ కాలువగట్టున పడవలే మాకు ఇళ్లు; అతని పడవ వెనకే నా పడవ కట్టి ఉంటుంది కనుక తొమ్మిదేళ్లుగా ఈ ఘోరం చూడక తప్పడం లేదు.

పడవంటూ ఉత్త ఇనుప డొల్ల కొన్నాడు. బారు అరవై అడుగులు, వెడల్పు ఏడడుగులు కూడా లేదు. లోపలి చెక్కపనంతా తానే చేసుకుంటానన్నాడు. కప్పులు పెట్టుకునే అరను రసమట్టం పెట్టి మరీ బిగించాడు. అదీ పడవ ముందువైపు నీళ్ల ట్యాంకు నిండుగా ఉన్న రోజున! ట్యాంకు ఖాళీ అయ్యేసరికి పడవ ముక్కు పైకి లేచి, కప్పులన్నీ వరసగా జారి నేలకూలాయి.

"నీళ్ల మీద రసమట్టం ఏంటయ్యా, బుర్ర ఉందా?" అన్నాను.

"అర సరిగ్గానే ఉంది హిల్డా, నీళ్లదే తప్పు."

ఇక అన్నీ అంతే. వంటబల్ల చేస్తే ఎత్తు చాలదు. మంచం చేస్తే మనిషి పొడుగును మించిపోతుంది. పాడైనవి గట్టున పడేస్తాడు, ఎవరో ఒకరు పట్టుకుపోతారు. "బంగారంలాంటి ఓక్ చెక్క తగలేస్తున్నావు, సిగ్గు లేదూ?" అంటే, "ఈసారి కుదురుతుందిలే" అని టీ తాగుతాడు. గట్టు మీద అందరం నవ్వుకునేవాళ్లం. నేను అందరికంటే గట్టిగా.

ఈ అక్టోబరులో నా మోకాలు మొరాయించింది. నా పడవలోకి దిగాలంటే నిటారు నిచ్చెనే దిక్కు. అది ఇక ఎక్కొద్దు, దిగొద్దు అన్నాడు డాక్టరు. ఇరవై రెండేళ్లు బతికిన పడవ అమ్మేసి, క్రూ పట్నంలో మా చెల్లెలి ఫ్లాటుకు పోవాలి. అక్కడ కిటికీలోంచి కార్లు తప్ప ఏమీ కనిపించవు. ఏడుపొచ్చింది. సిరిల్ ఓదార్చకపోగా, కొలత టేపు జారిపోయిందంటూ నా నిచ్చెన కింద అరగంట వెతుక్కున్నాడు.

వారం తిరక్కుండా తలుపు కొట్టాడు.

"మెట్లు చేసుకున్నా. కొలత తప్పింది. నీ పొయ్యిలో వేసుకో."

"మెట్లు కూడా చేతకాలేదా నీకు? సరే, లోపల పడేసి పో."

నిచ్చెన తీసి వాటిని దింపి వెళ్లిపోయాడు. పొయ్యికీ గోడకీ మధ్య వెంట్రుకంత సందు లేకుండా కూర్చున్నాయి. మెట్టుకూ మెట్టుకూ మధ్య ఎత్తు పాత నిచ్చెనలో సగమే. ఎక్కి దిగాను, నొప్పి లేదు. ఒక మెట్టు పక్కన పెన్సిలు రాత కనిపించింది: "హిల్డా. ఎడమ మోకాలు. ఐదంగుళాలు దాటొద్దు."

ఒళ్లు మండిపోయింది. గట్టున పడేసిన ఆ ఎత్తు చాలని బల్ల దగ్గరే కదా మా ముందు పడవలోని నైజెల్ భార్య చక్రాల కుర్చీలో కూర్చుని వంట చేసుకునేది! ఆ పొడుగు మంచం మీదే కదా గట్టు చివరి పడవలో ఆరున్నర అడుగుల బారీ పడుకునేది!

చెల్లెలికి రావడం లేదని ఫోన్ చేసి, నేరుగా సిరిల్ పడవలోకి వెళ్లాను. తొమ్మిదేళ్ల తర్వాత కూడా ఉత్త డొల్లే. పరుపు నేల మీద. మనిషి రంగుడబ్బా మీద కూర్చుని బీన్సు తింటున్నాడు.

"దొంగ వెధవా! ఆ టేపు ఇటివ్వు. నీ మంచం కొలత నేను తీస్తా."

"నువ్వు తీస్తే తప్పుతుంది హిల్డా."

"తప్పితే నా పడవలో వేసుకుంటా. ముందు పడుకో, కొలవాలి."