పద్మ చెప్పిన చీకటి గ్రహం

మొన్న మా మనవడు అంతరిక్షనౌక సీరియల్ ఒకటి పెట్టాడు. ఇన్ని దశాబ్దాలైనా దానికి కొత్త భాగాలు వస్తూనే ఉన్నాయట. దాని టైటిల్ సంగీతం నేను మొదట విన్నది టీవీలో కాదు, పద్మ నోట.

నా చిన్నప్పుడు పద్మ వాళ్లు లండన్‌లో కొన్నాళ్లుండి వచ్చి, నాంపల్లిలో మా పక్కింట్లో కిరాయికి దిగారు. హైదరాబాద్‌కు అప్పటికింకా టీవీ రాలేదు. రోజూ సాయంత్రం పద్మ మెట్ల మీద కూర్చుని ఆ సీరియల్ కథ చెప్పేది. అంతవరకూ నా వెనక తిరిగిన పిల్లలంతా, నా సొంత చెల్లెలితో సహా, ఆమె చుట్టూ చేరారు. టీవీలో వచ్చేవన్నీ నిజంగా జరిగినవే అనుకునేదాన్ని. అవి చూసిన కళ్లు ఆమెవైనందుకు నాకు ఒళ్లు మండేది.

ఒక ఆదివారం నాన్నను సతాయించి, అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆ నౌక బొమ్మ ఉన్న పాత ఇంగ్లీషు పత్రిక కొనిపించుకున్నాను. సాయంత్రం గర్వంగా తెరిచి చూపించాను.

"మంచిగున్నదక్కా" అని చెల్లెలు వెంటనే పద్మ వైపు తిరిగింది. "గా చీకటి గ్రహంల పిల్లలు ఏమైన్రు? జర చెప్పు!"

"వెలుతురంతా సీసాలల్ల దాచుకున్నరు" అంది పద్మ.

ఏడుపు ఆపుకుంటూ పత్రిక మూసేసి, నేనూ విన్నాను.

ఈ వారమంతా కూర్చుని ఆ పాత భాగాలన్నీ చూశాను. చీకటి గ్రహం ఎక్కడా లేదు. సీసాల పిల్లలూ లేరు.

ఇన్నేళ్లూ పద్మ లండన్ చూసిందని కుళ్లుకున్నాను. ఆ కథ తనే అల్లిందని తెలిశాక, ఈ వయసులో ఇంకాస్త ఎక్కువే కుళ్లుకుంటున్నాను.