కిటికీ పక్క సీటు మీద తుండు

1982 ఫిబ్రవరి 8, సోమవారం, ఉదయం తొమ్మిదీ ఇరవైకి మా ఆయన క్యారియర్‌లో అన్నం అట్లాగే పెట్టుకుని ఇంటికి తిరిగి వచ్చారు. ఆ వేళకు ఆయన ఫ్యాక్టరీలో లేతు మిషను ముందు ఉండాలి.

"గేటుకు బీగం ఏసినారు," అన్నారు. "నోటీసు అంటించినారు."

తిరువళ్లూరులో పొద్దున ఎక్కే ప్యాసింజరులో ఆయన పదకొండేళ్లు తిరిగారు. తిరుత్తణి వైపు నుంచి వచ్చే ఆ రైల్లో ఒక పెట్టె నిండా భజన చేసుకుంటూ ఉద్యోగాలకు పోయేవాళ్లు. వాళ్లలో తాళాలు వేసేది మా ఆయన. ఆ సోమవారం సాయంత్రం తాళాలను పాత పంచెలో చుట్టి అటక మీద పెట్టేశారు. పక్కరోజు నుంచి గోడ వైపు తిరిగి పడుకోవడమే పని. మార్చిలో, అదే గేటు ముందు నిలబడిన తామరైపాక్కం ఊరాయన ఒకరు ప్రాణం తీసుకున్నారని తెలిసింది. అప్పటినుంచి నేను బావి దగ్గరికి పోయినా తలుపు తెరిచే పెట్టేదాన్ని.

ఇక ఇక్కడ ఉండి లాభం లేదనుకున్నాను. ఇల్లు ఖాళీ చేసి మీ దగ్గరికే వచ్చేస్తామని మద్రాసు పెరంబూరులో ఉన్న మా అన్నకు చెప్పాలి. పక్కింటి అక్కను మా వసారాలో కూర్చోబెట్టి, ఏప్రిల్ 6, మంగళవారం, అదే ప్యాసింజరు ఎక్కాను. చేతికి అందిన పెట్టెలో ఎక్కాను. కాలు పెట్టే చోటు లేదు. కానీ కిటికీ పక్కన ఒక సీటు ఖాళీగా ఉంది, దాని మీద నీలం అంచు తుండు పరిచి ఉంది.

తుండు వేసి సీటు పట్టుకోవడమంటే నాకు మొదటినుంచీ గిట్టదు. తీసి మడిచి పక్కన పెట్టి కూర్చున్నాను.

"ఏందక్కా, తుండు తీసేసినావు?" అన్నాడు ఎదురుగా ఉన్న లావుపాటి మనిషి.

"తుండుకు టికెట్ ఉండాదా అన్నా?"

"మనిషి ఉండాడక్కా."

"యాడ ఉండాడు? చూపించు, లేస్తా."

నలుగురూ నవ్వారు. అతను నవ్వలేదు. "రెండు నెలలుగా రాలేదులే. తిరుత్తణిలో ఎక్కేటప్పుడే ఆయనకని పరుస్తాము. ఫ్యాక్టరీ మూసేసినారు పాపం. వస్తాడు."

"రాకపోతే?"

"మంగళవారం భజన ప్రసాదం గుగ్గిళ్లలో ఆయన వంతు నేను తింటాండా. ఈ పొట్ట చూడు. ఆయన బిరీన రాకపోతే నేనీ తలుపులో పట్టను."

రైలు కదిలింది. పాట ఎత్తుకున్నారు. తాళాలు లేవు, అతనే చేతులతో చరుస్తున్నాడు, అదీ పాట కన్నా ముందు పరిగెత్తుతూ. అప్పటికి గానీ నాకు అర్థం కాలేదు, నేను కూర్చున్నది ఎవరి చోటులోనో.

లేచాను. తుండు విప్పి, ముడత లేకుండా మళ్లీ పరిచాను.

"కూచో అక్కా, పరవాలేదు. ఎట్లయినా ఈరోజు రాడు కదా."

"వస్తాడు," అన్నాను.

"నీకెట్ల తెలుసు?"

"ఆయనకు అన్నం పెట్టేది నేనే."

ఆ లావుపాటి మనిషి గుగ్గిళ్ల పొట్లం కట్టి నా చేతిలో పెట్టాడు. "ఆయన వంతు," అన్నాడు. పెరంబూరు దాకా నిలబడే పోయాను. అన్న ఇంట్లో కాఫీ తాగి, చెప్పాలనుకున్నది చెప్పకుండానే మధ్యాహ్నం బండికి తిరిగి వచ్చాను.

పొట్లం ఆయన తల దగ్గర పెట్టి జరిగింది చెప్పాను. గోడ వైపు తిరిగే అడిగారు.

"తాళం ఎవురు ఏస్తాండారు?"

"లావుగా ఉండే ఆయన. చేతులతో."

"ఆయనా? పాట ఆరంభం కాకముందే ముగిస్తాడే." లేచి కూర్చున్నారు. పొట్లం విప్పి నాలుగు గింజలు నోట్లో వేసుకుని, "ఉప్పు చాల్లేదు," అన్నారు.

బుధవారం పొద్దున అటక మీద నుంచి తాళాలు దించింది ఆయనే. పని లేని మనిషికి రైలెందుకని వీధిలో ఒకరిద్దరు అన్నారు. నేను క్యారియర్ కట్టి ఇచ్చాను. అదే పెట్టెలో ఒకాయన చెప్పగా జులైలో ఆవడి దగ్గర చిన్న వర్క్‌షాపులో లేతు పని దొరికింది. జీతం తక్కువ. రైలు అదే. మేము తిరువళ్లూరు విడిచిపెట్టలేదు.

పోయినవి రాసిపెడుతున్నాను. పదకొండేళ్ల సర్వీసు. నా గాజులు ఒక జత. కుట్టు మిషను. ఫీజు కట్టలేక మా పెద్దపాపకు ఆ ఏడాది చదువు. తామరైపాక్కం ఆయన, ఆయన పేరు ఇక్కడ రాయను. ఆయన ఆ పెట్టెలోంచి ఇంటికి తెచ్చుకున్న నీలం అంచు తుండు ఒకటి, అది ఉతికి ఉతికి చిరిగిపోయింది.