డాలర్ సెట్‌లో ఖాళీ గుంట

అమెరికా డాలర్ నాణేల సెట్లకు ఈ మధ్య గిరాకీ బాగా పెరిగిందని విని, ఈ రోజు బెజవాడ నుంచి నాణేలు కొనే ఒకాయన్ని నూజివీడులో మా అత్తయ్య ఇంటికి తీసుకెళ్ళాను. మామిడికాయల వ్యాపారం చేసిన మావయ్య, సీజను అయ్యాక ఏటా ఒక సెట్ తెప్పించుకునేవాడు. కిందటి వేసవిలో కాలం చేశాడు.

బెజవాడాయన అన్నీ మెచ్చుకుంటూ చూసి, బాగా రేటు పలికే పెట్టె దగ్గర ఆగిపోయాడు. దాని సీలు తీసేసి ఉంది. ఒక గుంటలో నాణెం లేదు.

"ఇందులోది ఏమైందండీ? అది లేకపోతే సగం ధర కూడా రాదు."

అత్తయ్య చీర కొంగు సర్దుకుంది. "ఆయన్ని తీసుకెళ్ళేటప్పుడు నుదుటి మీద పెట్టానండీ. అందరూ రూపాయి బిళ్ళ పెట్టమన్నారు. ఇన్నేళ్ళూ డాలర్లు దాచుకున్న మనిషిని రూపాయి పెట్టి ఎలా పంపించేది?"

బెజవాడాయన పెట్టె మూసి, రెండు చేతులతో అత్తయ్యకు ఇచ్చేశాడు. "ఇది మాత్రం అమ్మకండమ్మా" అన్నాడు.

నేనేమో ఇంటికొచ్చి, ఆ ఒక్క నాణెం విడిగా దొరుకుతుందేమోనని ఫోన్లో వెతికాను. దొరికింది. కానీ కొనడానికి చేతులు రావడం లేదు. మీరైతే ఆ గుంట నింపుతారా?